ఏజెంటు ఎవరి మనిషి?

ఇల్లు కొనాలనుకుంటున్నామని ఎక్కడైనా నోరు జారితే చాలు, హైదరాబాదులో సలహాలకు కరువుండదు. వాటిలో ఇప్పుడు బాగా చెలామణీలో ఉన్నది ఇది: రెరాలో నమోదైన ఏజెంటును పట్టుకోండి, ఇక గుండె మీద చెయ్యేసుకుని పడుకోవచ్చు. పత్రాలు ఆయనే చూస్తాడు. బేరం ఆయనే ఆడతాడు. లోను ఆయనే ఇప్పిస్తాడు. రిజిస్ట్రేషన్ నాడు మీరు వెళ్ళి వేలిముద్ర వేసి ఫొటో దిగితే సరి. పైగా కొత్త ఫ్లాటయితే ఆయనకు మీరు పైసా ఇవ్వక్కర్లేదు, బిల్డరే ఇచ్చుకుంటాడు. ఆదివారం ఆస్తుల పేజీల్లోనూ, యూట్యూబులోనూ, పెళ్ళి భోజనాల బంతిలోనూ ఇదే మాట. చెప్పేవాళ్ళలో ఏజెంట్లే ఎక్కువన్న సంగతి పక్కన పెడదాం. మాట నిజమైతే ఎవరు చెబితేనేం? కానీ నిజం కాదు. విడివిడిగా చూస్తే ప్రతి ముక్కలోనూ కాస్త నిజముంది కాబట్టే ఇది ఇంతకాలం నిలబడింది.

ముందు రెరా సంగతి. 2016 నాటి ఈ స్థిరాస్తి నియంత్రణ చట్టంలో ఏజెంట్లను నేరుగా పట్టుకునేవి ముఖ్యంగా 9, 10 సెక్షన్లు. నమోదు చేసుకోకుండా ఏజెంటుగా పని చేయకూడదని తొమ్మిదో సెక్షన్ అంటుంది. ఎక్కడ పని చేయకూడదు? చట్టం కింద నమోదైన ప్రాజెక్టులో, ప్రమోటరు అమ్ముతున్న ప్లాటు విషయంలోనో ఫ్లాటు విషయంలోనో. కూకట్‌పల్లిలో పదిహేనేళ్ళ కిందటి అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు ఫ్లాటును దాని ఓనరు అమ్ముకుంటుంటే, మధ్యలో నిలబడ్డ మనిషి ఈ సెక్షన్ పరిధిలోకే రాడు. కొత్తవాటి రేట్లు విని గుటకలు మింగి, చివరికి ఇలాంటి పాత ఫ్లాటు దగ్గరే ఆగే కుటుంబాలు మన చుట్టూ ఎన్నో. వాళ్ళ లావాదేవీకి సంబంధించినంత వరకు ఏజెంటు విజిటింగ్ కార్డు మీద మెరిసే రెరా నంబరు వట్టి అలంకారం.

పోనీ, కొత్త ప్రాజెక్టే అనుకుందాం. పదో సెక్షన్ ఏజెంటును ఏం చేయమంటోంది? నమోదు కాని ప్రాజెక్టులో అమ్మకానికి సాయపడొద్దంటోంది. లెక్కలూ రికార్డులూ సరిగ్గా ఉంచమంటోంది. అబద్ధపు ప్రచారం చేయొద్దంటోంది. బుకింగ్ సమయంలో కొనేవాడికి హక్కుగా రావలసిన సమాచారం, పత్రాలు అందేలా చూడమంటోంది. ఆ పత్రాలు నికార్సయినవో కావో తేల్చే పని మాత్రం అతనికి అప్పగించలేదు. టైటిల్ లోపం వల్ల కొన్నవాడు నష్టపోతే పరిహారం ఇవ్వాల్సింది ప్రమోటరని 18వ సెక్షన్ చెప్పింది, ఆ దావాకు కాలపరిమితి కూడా అడ్డురాదంది. అక్కడ ఏజెంటు ఊసే లేదు. అతను 9, 10 సెక్షన్లను మీరితే రోజుకు పది వేల చొప్పున, ఆస్తి ఖరీదులో అయిదు శాతం దాకా జరిమానా పడవచ్చు. ఆ సొమ్ము చేరేది ప్రభుత్వానికి. మునిగిన మనిషికి అందులోంచి రూపాయి రాదు.

ఇదే చట్టం, ప్రాజెక్టు నమోదు కాకముందు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు అంటోంది. అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయించకుండా ఖరీదులో పది శాతానికి మించి తీసుకోకూడదని 13వ సెక్షన్ అంటోంది. అయినా హైదరాబాదు చుట్టూ ‘ప్రీలాంచ్’, ‘యూడీఎస్’ (విడదీయని భూమి వాటా) పేర్లతో, పునాది కూడా తవ్వని టవర్లలో ఫ్లాట్లు అమ్ముడుపోయాయి. మొత్తం సొమ్ము ముందే కడితే చదరపు అడుగు సగం ధరకే అన్న మాటను ఇంటింటికీ మోసింది ఎవరు? బిల్డరు తన ఆఫీసులో ఉన్నాడు. బంధువుల వాట్సాప్ గ్రూపుల దాకా వెళ్ళింది కమీషన్ మీద తిరిగే మనుషులు. ఏళ్ళు గడిచినా ఇటుక పడక జనం పోలీసు స్టేషన్ల ముందు నిలబడ్డప్పుడు, ‘మేమూ మోసపోయాం సార్’ అన్నది కూడా వాళ్ళే.

పత్రాలు ఆయనే చూస్తాడన్నది తరవాతి మాట. చాలామంది ఏజెంట్లు పత్రాలు చూసే పద్ధతి అందరికీ తెలిసిందే. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తారు, లింక్ డాక్యుమెంట్ల జిరాక్సులు ఒక ఫైల్లో పెడతారు, ‘క్లియర్ టైటిల్ సార్’ అంటారు. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టరు చేయని వీలునామా, తెల్లకాగితం మీద రాసుకున్న పంపకం, సివిల్ కోర్టులో నలుగుతున్న దావా అందులో వెతికితే సాధారణంగా దొరకవు. ఇంకా ముఖ్యం, పెట్టని సంతకాలు ఏ ఈసీలోనూ కనిపించవు.

మన దగ్గర ఆ పెట్టని సంతకాలు తరచుగా ఆడపిల్లలవి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కునిచ్చే సవరణ దేశమంతటికీ 2005లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలంలోనే, 1986 నాటి రాష్ట్ర సవరణతో, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఆ హక్కు దక్కింది. 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు మిగిలిన సందేహాన్నీ తీర్చింది: ఇది పుట్టుకతో వచ్చే హక్కు, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతేమీ లేదు. 2004 డిసెంబరు 20కి ముందే జరిగిపోయిన అమ్మకాలనూ, పద్ధతిగా జరిగిన పంపకాలనూ మాత్రం 2005 సవరణ కదిలించదు. ఇప్పుడు శివారు గ్రామాల సంగతి చూడండి. తాతల నాటి పొలం లేఅవుటై, లేఅవుటు ప్లాట్లై, ప్లాటులో ఇల్లు లేచి, మూడు నాలుగు చేతులు మారాక మనం కొనడానికి వెళతాం. మొదటి అమ్మకం ఏ తేదీన జరిగింది, అందులో అన్నదమ్ములే సంతకం పెట్టారా, అక్కచెల్లెళ్ళు ఎవరైనా ఉన్నారా, ఉంటే రిలీజ్ డీడ్ ఏది? ఇవి అడిగితే బ్రోకరు నోట వచ్చే జవాబు తెలుగు దేశమంతా ఒక్కటే: ‘ఆడపిల్లలు అడగరు లెండి సార్.’

అడుగుతున్నారు. అడిగే హక్కు వాళ్ళకుంది, అడగాలి కూడా. ఆ దావా నోటీసు వచ్చేది మాత్రం ఇరవై ఏళ్ళ లోను పెట్టుకుని ఆ ఇంట్లో కాపురముంటున్నవాడికి.

చెరువుల సంగతీ అంతే. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థగా హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలుపెట్టాక, రిజిస్ట్రేషన్ ఉంది, బ్యాంకు లోనుంది, కరెంటు మీటరుంది అంటూ గుండెలు బాదుకున్నవాళ్ళను టీవీలో అందరం చూశాం. హైడ్రా పద్ధతి మీద ఎన్ని అభ్యంతరాలైనా ఉండవచ్చు, నాకూ ఉన్నాయి. అయితే పది హెక్టార్లకు తగ్గని చెరువుకు ఎఫ్‌టీఎల్ (నిండుకుండ నీటిమట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్ వదలాలన్నది హైడ్రా పుట్టించిన నిబంధన కాదు, 2012 నాటి భవన నిర్మాణ నియమాల్లోనే ఉంది. చెరువుల పటాలు హెచ్‌ఎండీఏ వెబ్‌సైటులో చూడవచ్చు. ‘లేక్ వ్యూ’ అని గజానికి ఎక్కువ అడిగిన ఏజెంటు ఆ పటం ముందు మిమ్మల్ని కూర్చోబెట్టి ఉంటే అతను నిజంగానే మీ మనిషి. అలా కూర్చోబెట్టినవాడి గురించి నేనింకా వినలేదు.

ఇక్కడే ఇంకో భ్రమను కూడా వదిలించుకోవాలి. సబ్ రిజిస్ట్రారు నమోదు చేసేది దస్తావేజును. అమ్మేవాడికి అమ్మే హక్కుందో లేదో తేల్చి ముద్ర వేయడం ఆయన పని కాదు. నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద ఉన్న భూమి అయితే ఆపుతాడు. అంతకు మించి మన కాగితాలకు ఆయన పూచీ లేదు. బ్యాంకు లోను వచ్చిందంటే టైటిల్ శుభ్రమన్న మాట కూడా ఏజెంట్లు తెగ వాడతారు. బ్యాంకు లాయరు ఒపీనియన్ రాసేది బ్యాంకు కోసం. దాని ఖర్చు మన దగ్గరే వసూలు చేసినా, ఆయన కక్షిదారు మనం కాదు. టైటిల్ దెబ్బతింటే బ్యాంకుకు మన జీతం ఉంది, మనం సంతకం చేసిన అప్పు పత్రం ఉంది. ఇల్లు పోయినా ఈఎంఐ పోదు.

లాయరును విడిగా పెట్టుకోమంటే ‘ఇంకో ఖర్చా’ అని మొహం ముడుచుకునేవాళ్ళు, ఫైలు మోసుకొచ్చినందుకు ఏజెంటుకు ఎనభై తొంభై వేలు కిమ్మనకుండా ఇస్తారు. ఇది నాకు ఎప్పటికీ అర్థం కాని లెక్క. అలాగే ఏజెంటు ‘మనవాడే సార్’ అని చూపించిన లాయరును పెట్టుకోవడం, అసలు పెట్టుకోకపోవడం కన్నా ప్రమాదం. ఒకసారి లీగల్ అయిపోయిందన్న ధీమా వస్తే ఇక ఎవరూ ఏమీ అడగరు.

ఇప్పుడు ‘కొనేవాడికి ఉచితం’ అన్న మాటకొద్దాం. కొత్త ప్రాజెక్టుల్లో బిల్డర్లు ‘ఛానెల్ పార్ట్‌నర్’ అనే పేరుతో ఏజెంట్లకు కమీషన్ ఇస్తారు. రెండు మూడు శాతం మామూలు, కదలని సరుకైతే అంతకు మించి. ఆ డబ్బు బిల్డరు తన తాత ఆస్తి అమ్మి ఇవ్వడు. చదరపు అడుగు రేటులోనే అది ఉంటుంది, ఆ రేటు కట్టేది మనమే. నేరుగా బిల్డరు దగ్గరికి వెళితే ఆ మొత్తం తగ్గుతుందా అంటే, చాలా చోట్ల తగ్గదు, ఏజెంట్లు అలుగుతారని బిల్డరే తగ్గించడు. కాబట్టి ఏజెంటు లేకుండా వెళ్ళడం పెద్ద తెలివని నేను అనడం లేదు. నా అభ్యంతరం ఇంకో చోట ఉంది. శనివారం కారులో తిప్పి మూడు ప్రాజెక్టులు చూపించినప్పుడు, ఆ మూడే ఎందుకు? నాలుగోది ఎందుకు దారిలో తగల్లేదు? ఏ బిల్డరు ఎంత ఇస్తున్నాడో తెలియకుండా ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. మనం ఇవ్వడం లేదు కాబట్టి అడిగే హక్కు లేదనిపిస్తుంది. ఉచితమన్న మాట చేసే అసలు పని అదే, నోరు మూయించడం.

‘అమెరికాలో చూడండి, బయ్యర్ ఏజెంటుకు మనం ఏమీ ఇవ్వం’ అని డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకొచ్చిన బంధువులు చెబుతుంటారు. వాళ్ళ సమాచారానికి కాలం చెల్లింది. అక్కడ ఇల్లు అమ్మినవాడి సొమ్ములోంచే ఇద్దరు ఏజెంట్లకూ కమీషన్ వెళ్ళే ఆనవాయితీ మీద అమ్మకందార్లు దావా వేశారు. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్, కొన్ని పెద్ద బ్రోకరేజీ సంస్థలు కుమ్మక్కై కమీషన్లను పెంచి ఉంచాయని 2023 అక్టోబరు 31న కాన్సస్ సిటీలో జ్యూరీ తేల్చి, దాదాపు 180 కోట్ల డాలర్ల నష్టాన్ని లెక్కగట్టింది. రియల్టర్ల సంఘం 2024 మార్చిలో 41.8 కోట్ల డాలర్లకు రాజీకొచ్చింది. ఆ రాజీ ప్రకారం 2024 ఆగస్టు 17 నుంచి, ఇల్లు చూపించడానికి ముందే ఏజెంటు కొనేవాడితో లిఖితపూర్వక ఒప్పందం చేసుకోవాలి, తన ఫీజు ఎంతో అందులో స్పష్టంగా రాయాలి. ఉచితమని దశాబ్దాలపాటు నమ్మిన దేశమే చివరికి కాగితం మీదికొచ్చింది.

ఇక పాత ఇళ్ళ అమ్మకం. ఇక్కడ మన ఆచారం ఒక శాతమో రెండు శాతమో, అమ్మేవాడి దగ్గర ఒకటి, కొనేవాడి దగ్గర ఒకటి, తీసుకునేది మాత్రం ఒకే మనిషి. పెళ్ళిళ్ళ పేరయ్య పిల్లవాడి ఇంట్లో పిల్ల గుణగణాలూ, పిల్ల ఇంట్లో పిల్లవాడి జీతమూ పొగిడినట్టే ఇతని వ్యవహారం. ధర తగ్గిస్తే ఇతనికేం మిగులుతుందో లెక్క వేయండి. తొంభై లక్షల ఫ్లాటును మీకోసం గట్టిగా బేరమాడి ఎనభై అయిదుకు దించాడనుకోండి. మీకు అయిదు లక్షలు మిగిలాయి. మీరిచ్చే ఒక శాతంలో అతనికి తగ్గింది అయిదు వేలు. పెద్ద నష్టం కాదు, నిజమే, కానీ ఆ అయిదు లక్షల కోసం పదిరోజులు ఓనరు చుట్టూ తిరగడానికి అది కారణమూ కాదు. అతనికి కావలసింది ఈ వారంలో బయానా పడటం. తొంభైకైనా, తొంభై రెండుకైనా.

శాతం లెక్క కనీసం కనిపించేది. కనిపించనిది ఇంకోటి ఉంది. ‘నాకు చేతికి ఎనభై రావాలి, పైన ఎంతొస్తే అది నీది’ అని ఓనరు అంటాడు. ఏజెంటు ఎనభై ఏడని మీకు చెబుతాడు. ఓనరుతో మిమ్మల్ని ఒంటరిగా కూర్చోనివ్వడు. ‘ఆయన కొంచెం కోపిష్ఠి, నేనే మాట్లాడతా’ అంటాడు. ఒక్కోసారి కొంత అడ్వాన్సిచ్చి ముందుగానే అగ్రిమెంటు తన పేరనో, బావమరిది పేరనో రాయించుకుని ఉంటాడు, రిజిస్ట్రేషన్ మాత్రం ఓనరు నుంచి నేరుగా మీకు జరుగుతుంది. మధ్య ఏడు లక్షలు అతనివి. అది చాలక ఎనభై ఏడు మీద మీ దగ్గర ఒక శాతం. దీన్ని చాలామంది వ్యాపార చమత్కారమనుకుంటారు. ఏజెంటు తనను నియమించుకున్నవాడికి తెలియకుండా అదే వ్యవహారాన్ని సొంత లెక్కన నడిపి లాభపడితే, ఆ లాభాన్ని రాబట్టుకునే హక్కు నియమించుకున్నవాడికి ఉందని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 216వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. మరి ఎవరూ ఎందుకు రాబట్టుకోరు? అతను మీ ఏజెంటేనని నిరూపించే కాగితం ముక్క మీ దగ్గర ఉండదు కాబట్టి.

ఆ ఏడు లక్షలు నగదుగా కావాలంటారన్నది చెప్పనక్కర్లేదు. స్థిరాస్తి లావాదేవీలో ఇరవై వేలు గానీ అంతకు మించి గానీ నగదుగా పుచ్చుకోకూడదని 2015 నుంచి ఆదాయపు పన్ను నిబంధన ఉంది, పుచ్చుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా. ఇచ్చినవాడికి కలిగే నష్టం వేరు: ఆ డబ్బుకు లోను రాదు, రేపు అమ్ముకునేటప్పుడు కొన్న ధరలో అది లెక్కకు రాదు, తగాదా వస్తే ఇచ్చినట్టు రుజువుండదు.

ఇంత చెప్పాక, ‘అందుకే మేం బ్రోకర్ని దగ్గరికి రానివ్వం, నేరుగా ఓనరుతోనే’ అనేవాళ్ళు తలూపుతూ ఉంటారు. వాళ్ళతోనూ నాకు పేచీయే. మంచి ఏజెంటు చేసే పని చిన్నది కాదు. ఏ బ్లాకులో మార్చి రాకముందే బోరు ఎండుతుందో, ఏ అపార్ట్‌మెంటులో ట్యాంకర్ల బిల్లు మెయింటెనెన్సును మింగేస్తుందో, ఏ అసోసియేషన్‌లో రెండు వర్గాలు కోర్టుకెక్కాయో, ఏ బిల్డింగుకు ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) రాలేదో, కొడుకు రమ్మంటే ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ ఎవరు తొందరగా అమ్మాలనుకుంటున్నారో అతనికి తెలిసినంతగా ఏ యాపుకూ తెలియదు. అగ్రిమెంటు నాడు ఒక మాట తూలి ఇటు కొనేవాడూ అటు అమ్మేవాడూ కుర్చీలు తన్నుకుని లేచినప్పుడు, ఇద్దరినీ మళ్ళీ కూర్చోబెట్టేది అతనే. రిజిస్ట్రేషన్ స్లాటు, మ్యుటేషన్, కరెంటు మీటరు పేరు మార్పు, ఇవన్నీ తిరిగి చేయించిపెడతాడు. బ్రోకరు లేకుండా ఓనరుతో నేరుగా కొన్నంత మాత్రాన అక్కచెల్లెళ్ళ సంతకాలు వాటంతటవే వచ్చి పడవు. ఓనరు నవ్వుతూ కాఫీ ఇచ్చాడని చెరువు బఫర్ జరగదు. పైగా ఏజెంటును ఫ్లాటు చూపించడానికి వాడుకుని, తరవాత అతనికి తెలియకుండా ఓనరు తలుపు తట్టి కమీషన్ ఎగ్గొట్టే పెద్దమనుషులు మనలో బోలెడుమంది. ఏజెంట్ల నీతి గురించి మాట్లాడే అర్హత వాళ్ళకు లేదు.

ఒక్క పని మాత్రం ఏజెంటుకు ఎప్పుడూ అప్పగించకూడదు, సంతకం చేసే అధికారం. విదేశాల్లో ఉన్నవాళ్ళు రాలేక ఏజెంటుకే జీపీఏ రాసిచ్చేస్తుంటారు. కొనేవాడి పక్షాన సంతకం, అమ్మేవాడి దగ్గర కమీషన్, బేరం కుదిర్చిన పెత్తనం, మూడూ ఒకే చేతిలో పడ్డాక అడిగేవాడెవడు? రాసివ్వక తప్పకపోతే ఆ కమీషన్‌తో సంబంధం లేని అక్కకో తమ్ముడికో రాసివ్వాలి, అదీ ఫలానా ఇల్లు కొనడానికే అన్న పరిమితితో.

మిగిలిందల్లా ఏజెంటుతో ముందే రాయించుకోవాల్సిన ఒక పేజీ కాగితం. అతను ఎవరి తరపున పని చేస్తున్నాడు, అవతలివాళ్ళ దగ్గర కూడా తీసుకుంటున్నాడా, తీసుకుంటే ఎంత, ఈ ఆస్తి మీద తన పేరునో తనవాళ్ళ పేరునో అగ్రిమెంటు ఉందా, కమీషన్ శాతమా గుత్తమొత్తమా, ఇచ్చేది బయానా నాడా రిజిస్ట్రేషన్ అయ్యాకా. నన్నడిగితే గుత్తమొత్తం మేలు, రిజిస్ట్రేషన్ అయ్యాక ఇవ్వడం ఇంకా మేలు. ఈ కాగితం అడిగితే ఏజెంట్లు పారిపోతారని కొందరు భయపెడతారు. పారిపోయేవాళ్ళు ఉంటారు. ఉండేవాళ్ళకు కూడా దీనివల్ల లాభమే, వెనక నుంచి ఓనరు తలుపు తట్టే పెద్దమనిషిని అప్పుడు నిలదీయవచ్చు. వద్దనేవాళ్ళు చెప్పే కారణం ఎప్పుడూ ఒకటే, ‘నమ్మకం ముఖ్యం సార్.’ అదే ఇంటికి ఓనరు అగ్రిమెంటు రాస్తున్నాడు, బ్యాంకు కట్టల కొద్దీ కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటోంది, తోడబుట్టినవాళ్ళు రిలీజ్ డీడ్ రాసిస్తున్నారు. ఇంత వ్యవహారంలో నోటిమాట మీద నడవాలంటున్నది ఏజెంటు కమీషన్ ఒక్కటే.